ఒక్కచోట రాసి నాలుగు సైట్లలో చూపించడం: ఉమ్మడి కంటెంట్‌కు సమగ్ర మార్గదర్శి

పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటిది. అప్పటి నుంచి ఉన్నచోటే ఉంది. దాని చిరునామా మాత్రం ఈ మధ్యనే రెండుసార్లు మారింది. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజనతో వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019 ఫిబ్రవరి 17న అక్కడి నుంచి కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాకు వచ్చింది. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు దక్కింది. అదే ఏడాది ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2024 మార్చిలో కొత్త బండ్ల నంబర్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు మించని హోటల్ గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇప్పుడు ఒక కుటుంబ వ్యాపారాన్ని ఊహించుకోండి. హన్మకొండలో హోటల్, కాజీపేట స్టేషన్ దగ్గర కార్ల కిరాయి, కొత్తవాడ జంపఖానాలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం, ఒక ఫంక్షన్ హాల్ ఉన్నాయి. నాలుగింటికీ నాలుగు వెబ్‌సైట్లు. ఫోన్ నంబర్లు, చిరునామా, అడ్వాన్స్ తిరిగిచ్చే షరతులు, రామప్ప, వేయిస్తంభాల గుడి, లక్నవరం చెరువు గురించి రాసిన పరిచయాలు అన్నింట్లోనూ ఉంటాయి. ఒక సైటులో రాసి మిగతా మూడింటికీ కాపీ కొడితే, పైన చెప్పిన మార్పుల్లో ప్రతిదానికీ నాలుగుసార్లు దిద్దాలి. నాలుగోది మరిచిపోతారు. కస్టమర్ చూసేది సరిగ్గా ఆ నాలుగోదాన్నే.

దీనికి మందు ఒక్కటే: అన్నిచోట్లా వాడే ప్రతి విషయం (దాన్ని ఇక్కడ ‘ముక్క’ అంటున్నాం) ఒక్కచోట ఉండాలి, మిగతా సైట్లు దాన్ని చూపించాలి. వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లలో వర్డ్‌ప్రెస్ బాగా వాడుకలో ఉంది కాబట్టి అడుగులన్నీ దానితోనే చెబుతున్నాం. డ్రూపల్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు పేర్లు మారతాయి, ఆలోచన మారదు.

మొదటి అడుగు: లెక్క తీయడం

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందే ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. వరుసకు ఒక ముక్క. నిలువు ఖానాలు ఆరు చాలు: ముక్క ఏమిటి, ఏయే పేజీల్లో ఉంది, మాటలు అన్నిచోట్లా ఒకటేనా, ఏడాదికి ఎన్నిసార్లు మారుతుంది, మార్పు సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది, తప్పుగా ఉంటే నష్టం ఏమిటి. నాలుగు చిన్న సైట్లకు ఇది ఒక రోజు పని. ఆ రోజు మిగుల్చుకుందామని చూస్తే తర్వాత నెల పడుతుంది.

ఫోన్ నంబరు వెతికేటప్పుడు మొత్తం పది అంకెలూ కొట్టవద్దు. ఒకచోట మధ్యలో ఖాళీ, ఇంకోచోట హైఫన్, మరోచోట ముందు 91 ఉంటాయి. చివరి ఐదు అంకెలతో వెతకండి. ఫుటర్ (పేజీ అడుగు భాగం), పాపప్, ఫారం నింపాక వచ్చే ఈమెయిల్, డౌన్‌లోడ్ చేసుకునే బ్రోచర్ పీడీఎఫ్ కూడా చూడాలి. ఫొటోలోనే అచ్చువేసిన నంబరు ఏ వెతుకులాటకూ దొరకదు. బ్యానర్లన్నీ కళ్లతోనే చూడాలి.

లెక్క పూర్తయ్యాక ముక్కలను మూడు కుప్పలు చేయండి. మొదటిది, అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఉండాల్సినవి: ఫోన్, చిరునామా, రద్దు షరతులు, పన్ను వివరం. రెండోది, అసలు విషయం ఒకటే కానీ సైటును బట్టి కొంచెం మారేవి: రామప్ప పరిచయం హోటల్ సైటులో మూడు వాక్యాలు, కార్ల సైటులో దారి వివరాలతో సహా ఒక పేజీ. మూడోది, చూడటానికి ఒకేలా ఉన్నా కలపకూడనివి. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ నిబంధన, హోటల్ అడ్వాన్స్ నిబంధన ఈరోజు ఒకే మాటల్లో ఉండొచ్చు. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో హాల్ నిబంధన ఒక్కటే మారుతుంది. కలిపేస్తే హోటల్‌ది కూడా మారి కూర్చుంటుంది. ఏ రెండు ముక్కలైనా మారే కారణం వేరైతే వాటిని విడిగానే ఉంచండి.

మూడు చోట్ల కనిపించేది, లేదా రెండు చోట్ల ఉండి ఏడాదిలో ఒకటికి మించి మారేది ఉమ్మడి ముక్కగా పెట్టదగ్గది. మిగతావి కాపీగానే ఉండనివ్వండి. అన్నింటినీ ఉమ్మడి చేయాలన్న ఆత్రంలో, ఏ వాక్యం ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టని సైట్లు తయారవుతాయి.

రెండో అడుగు: ముక్క సైజు. తెలుగులో అసలు చిక్కు ఇదే

ఇంగ్లిష్ మార్గదర్శులు ఊరి పేరును ఒక వేరియబుల్‌గా (విలువ మార్చుకునే ఖాళీగా) పెట్టి వాక్యం మధ్యలో ఎక్కడైనా వాడుకోమంటాయి. ఇంగ్లిష్‌లో ఊరి పేరు ఏ వాక్యంలోనైనా అలాగే ఉంటుంది, అందుకే వాళ్లకు అది నడుస్తుంది. తెలుగులో పేరుకు విభక్తి అతుక్కుంటుంది. భూపాలపల్లికి, ములుగుకు. మేడారం, మేడారానికి. హోటల్, హోటళ్లు, హోటళ్లలో. జంపఖానా, జంపఖానాల మీద. వేరియబుల్ పక్కన ‘కి’ అని టెంప్లేట్‌లో (పేజీ మూసలో) రాసిపెడితే, రేపు భూపాలపల్లి స్థానంలో ములుగు వచ్చి ‘ములుగుకి’ అని తేలుతుంది. మేడారం వస్తే ‘మేడారంకి’ అవుతుంది. చదివేవాళ్లకు అది యంత్రం రాసిందని వెంటనే తెలిసిపోతుంది.

అందుకని తెలుగులో ఉమ్మడి ముక్క రెండు రూపాల్లోనే ఉండాలి. ఒకటి, పూర్తి వాక్యం లేదా పూర్తి పేరా: ‘రామప్ప గుడి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేటలో ఉంది.’ జిల్లా మారితే వాక్యాన్ని మనిషే తిరగరాస్తాడు, వ్యాకరణం చెడదు. రెండోది, పేరు ఒకవైపు, విలువ ఒకవైపు ఉండే జత: ‘జిల్లా: ములుగు’, ‘ఫోన్: …’, ‘గది కిరాయి: రూ. 1,800’. ఇక్కడ విభక్తికి తావే లేదు. వాక్యం మధ్యలో ఇరికే ఒక్క మాటను మాత్రం ఎప్పుడూ ముక్కగా చేయవద్దు. అంకెలకు కూడా ఇదే వర్తిస్తుంది. ‘1,800కి’, ‘1,800లకు’ అని టెంప్లేట్‌లో రాయకుండా ‘కిరాయి రూ. 1,800’ అని జతగా పెట్టండి.

పాత పేజీలను ఫైండ్-రీప్లేస్‌తో దిద్దేవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. ‘అర్బన్‌లో’ అని రాసినప్పుడు న్, లో కలిసిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్నింటిలో అది లేక ‘అర్బన్లో’ అని పడుతుంది. ‘వరంగల్ అర్బన్’ తీసేసి ‘హనుమకొండ’ పెడితే, ఆ కనబడని అక్షరం ‘హనుమకొండ’కూ ‘లో’కూ మధ్య మిగిలిపోతుంది. చూడటానికి తేడా ఉండదు, కానీ సైటు సెర్చ్‌లో ‘హనుమకొండలో’ అని వెతికితే ఆ పేజీ దొరకదు. కాబట్టి రీప్లేస్ రెండుసార్లు నడపాలి: మొదట ఆ అక్షరంతో కలిపి, తర్వాత అది లేకుండా.

గుడ్డిగా రీప్లేస్ చేయడం ఇంకా ప్రమాదం. భూపాలపల్లి అన్నచోటల్లా ములుగు పెడితే రామప్ప సరిపోతుంది, కాళేశ్వరం తప్పుతుంది. కాళేశ్వరం నేటికీ భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. టీఎస్ అన్నచోటల్లా టీజీ పెట్టినా అంతే, 2024కు ముందు రిజిస్టరైన కార్ల ప్లేట్ల మీద ఇంకా టీఎస్సే ఉంది. ప్రతి మార్పునూ మనిషి చూసి ఒప్పుకోవాలి.

అను ఫాంట్లలో ఉన్న పాత మ్యాటర్ డీటీపీ దుకాణం నుంచి వస్తే, దాన్ని యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే రూపంలోకి) మార్చకుండా ముక్కలోకి అతికించవద్దు. ఆ ఫాంట్ లేనిచోట అది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల్లా కనిపిస్తుంది. మార్చాక వత్తులు, విరామ చిహ్నాలు, అంకెలు ఒక్కొక్కటీ చదివి చూసుకోవాలి. ఊరి పేరు వర్ణక్రమం కూడా ఇప్పుడే తేల్చుకోండి. జిల్లా పేరుగా, చిరునామాలో ‘హనుమకొండ’, మామూలు మాటల్లో ‘హన్మకొండ’ అని ఒక నియమం రాసిపెట్టుకుంటే చాలు. రెండు రూపాలనూ వెతికేవాళ్లున్నారు, రెండూ ఉండటం మంచిదే.

మూడో అడుగు: ముక్కలను ఎక్కడ ఉంచాలి

వర్డ్‌ప్రెస్‌లోనే సింక్డ్ ప్యాటర్న్ అనే సదుపాయం ఉంది. 2023లో 6.3 వెర్షన్ వచ్చేవరకు దాన్ని రీయూజబుల్ బ్లాక్ అనేవారు. ఒకసారి రాసి, ఆ సైటులోని ఎన్ని పేజీల్లోనైనా పెట్టుకోవచ్చు. ఒకచోట దిద్దితే అన్ని పేజీల్లో మారుతుంది. 2024లో 6.6 నుంచి, ప్యాటర్న్ ఆకారాన్ని అలాగే ఉంచి, హెడింగ్, పేరా, బటన్, ఫొటో వంటివాటిలో విషయం మాత్రం పేజీకో తీరుగా మార్చుకునే వీలు కూడా వచ్చింది. పైన చెప్పిన రెండో కుప్పకు ఇది అక్కరకొస్తుంది.

కానీ అది ఆ ఒక్క సైటుకే పరిమితం. ప్యాటర్న్ ఆ సైటు డేటాబేస్‌లోని పోస్టుల టేబుల్‌లో (పట్టికలో) ఒక వరుసగా ఉంటుంది, పేజీలో దాని ఐడీ నంబరు మాత్రమే ఉంటుంది. పేజీని కాపీ చేసి ఇంకో సైటులో అతికిస్తే, ఆ నంబరుతో అక్కడ ప్యాటర్న్ లేక ‘బ్లాక్ డిలీట్ అయింది లేదా అందుబాటులో లేదు’ అనే అర్థంలో ఎడిటర్ హెచ్చరిస్తుంది. అదే నంబరుతో అక్కడ వేరే ప్యాటర్న్ ఉంటే మరీ చిక్కు. హోటల్ షరతులు ఉండాల్సిన చోట జంపఖానాల డెలివరీ వివరం వచ్చి కూర్చుంటుంది, ఎడిటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

సైట్ల మధ్య పంచుకోవడానికి మూడు దారులున్నాయి. సైట్లన్నీ ఒకే యజమానివై, ఒకే సర్వర్ మీద ఉంటే మల్టీసైట్, అంటే ఒకే వర్డ్‌ప్రెస్‌తో అన్ని సైట్లనూ నడపడం. సైట్లు వేర్వేరు హోస్టింగ్‌లలో ఉంటే, ఒకదాన్ని గోదాం సైటుగా పెట్టి మిగతావి రెస్ట్ ఏపీఐ (ఒక సైటు ఇంకో సైటును సమాచారం అడిగే దారి) ద్వారా సరుకు తెచ్చుకోవడం. మొబైల్ యాప్, హోటల్ లాబీలో టీవీ స్క్రీన్ వంటివాటికి కూడా అదే మాటలు కావాలంటే స్ట్రాపీ, డైరెక్టస్ వంటి హెడ్‌లెస్ సీఎంఎస్, అంటే మాటలను మాత్రమే ఉంచి, చూపించే పని వేరేవాటికి వదిలే సాఫ్ట్‌వేర్. డ్రూపల్‌లో అయితే అదే పని చేసే జేసన్ ఏపీఐ 2019లో వచ్చిన 8.7 వెర్షన్ నుంచి అసలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, రెండో దారి అక్కడ ఇంకా తేలిక. ఒకరిద్దరు మనుషులతో నడిచే నాలుగైదు సైట్లకు మా సలహా మల్టీసైటే. హెడ్‌లెస్ బాగుంటుంది కానీ, డెవలపర్ ఫోన్ ఎత్తని రోజున హోటల్ రిసెప్షన్‌లోని మనిషి తనంతట తాను ఏమీ చేయలేడు.

మల్టీసైట్ లోపాలు కూడా ముందే తెలుసుకోండి. సర్వర్ పడితే నాలుగు సైట్లూ పడతాయి. ఒక్క సైటును మాత్రమే పాత బ్యాకప్‌కు తిప్పడం కష్టం, డేటాబేస్ ఒక్కటే కాబట్టి. ఒక ప్లగిన్ (అదనపు సదుపాయం ఇచ్చే చిన్న సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అన్నింటినీ ఒకేసారి తాకుతుంది. యూజర్ల పట్టిక కూడా అందరిదీ ఒక్కటే. రేపు ఆ కుటుంబంలోవాళ్లు వ్యాపారాలు పంచుకునే మాట ఉంటే మల్టీసైట్ వద్దు, గోదాం పద్ధతి ఎంచుకోండి.

నాలుగో అడుగు: మల్టీసైట్ పెట్టడం

వరుస తప్పకుండా చేయాలి.

1. ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్‌ను వేరేచోట ఒకసారి తెరిచి చూడండి.
2. ప్లగిన్లన్నీ డీయాక్టివేట్ చేయండి.
3. డబ్ల్యూపీ కాన్ఫిగ్ (wp-config.php) ఫైల్‌లో ‘ఇక్కడితో ఎడిటింగ్ ఆపండి’ అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ లైనుకు పైన, మల్టీసైట్‌ను అనుమతించే లైను చేర్చండి. కింద చేరిస్తే పనిచేయదు.
4. టూల్స్ మెనూలో నెట్‌వర్క్ సెటప్ కనిపిస్తుంది. సబ్ డొమైనా (సైటు పేరు చిరునామా ముందు చేరేది), సబ్ డైరెక్టరీనా (వెనక చేరేది) అని అడుగుతుంది. నెలకు మించి పాతదైన సైటులో సబ్ డైరెక్టరీ ఎంపిక రాకపోవచ్చు, పాత లింకులతో గొడవ పడుతుందని వర్డ్‌ప్రెసే ఆపేస్తుంది.
5. అది చూపించే కోడ్‌ను కాన్ఫిగ్ ఫైల్‌లో, హెచ్‌టీ యాక్సెస్ (.htaccess) ఫైల్‌లో అతికించి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.
6. ఒక్కో సైటు చేర్చి, సైట్ అడ్రస్ ఖానాలో దాని సొంత డొమైన్ రాయండి. 2016లో వచ్చిన 4.5 వెర్షన్ నుంచి దీనికి వేరే ప్లగిన్ అక్కర్లేదు. అంతకంటే ముందే ఆ డొమైన్ డీఎన్ఎస్ (ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) ఈ సర్వర్ ఐపీకి తిరిగి, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైటుకు తాళం గుర్తు ఇచ్చేది) పడి ఉండాలి.

మొదటి సైటును గోదాంగా ఉంచండి. దానికి కస్టమర్లకు తెలిసే డొమైన్ ఇవ్వవద్దు, సెర్చ్ ఇంజన్లకు కనబడకుండా ఆపండి. అందులో పేజీలు ఉండవు, ముక్కలే ఉంటాయి.

ఐదో అడుగు: ముక్కకు ఏయే ఖానాలు

గోదాంలో ‘ఉమ్మడి ముక్క’ అనే కస్టమ్ పోస్ట్ టైప్ (పేజీ, పోస్టు లాంటి మన సొంత రకం) చేయించండి. అందులో ఉండాల్సినవి: గుర్తు పేరు (పేజీలు ముక్కను పిలిచే పేరు), తెలుగు పాఠం, ఇంగ్లిష్ పాఠం, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, బాధ్యుడు, చివరిసారి సరిచూసిన తేదీ. బాధ్యుడి ఖానాలో మనిషి పేరు కాకుండా హోదా రాయండి. మనుషులు ఉద్యోగాలు మారతారు.

గుర్తు పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, హైఫన్లతో ఉండాలి. తెలుగులో ఉంటే బాగుండేది, కానీ ఒక సాంకేతిక అడ్డంకి ఉంది. ఆ పేరును వర్డ్‌ప్రెస్ స్లగ్‌గా, అంటే లింకులో వాడే పేరుగా దాస్తుంది; దానికి 200 అక్షరాల హద్దు. ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతిలో) 3 బైట్లు, లింకులో ఒక్కో బైటు 3 అక్షరాలవుతుంది, మొత్తం 9. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. ‘రామప్ప గుడి ఎలా చేరుకోవాలి’ అనే శీర్షికలో 23 గుర్తులున్నాయి. 9 చొప్పున 207, మాటల మధ్య హైఫన్లు 3, కలిపి 210. చివరి ‘లి’ తెగిపోయి స్లగ్ ‘చేరుకోవా’తో ఆగుతుంది. మొదటి 22 గుర్తులు ఒకేలా ఉన్న రెండు ముక్కలుంటే రెండోదాని చివర 2 చేరుతుంది. అప్పుడు ఏ పేజీ ఏ ముక్కను పిలుస్తోందో కలగాపులగమవుతుంది.

ముక్క లోపల రంగు, ఫాంట్, అక్షరాల సైజు ఏవీ పెట్టవద్దు. హోటల్ సైటు ముదురు రంగు నేపథ్యంలో, జంపఖానాల సైటు తెల్ల నేపథ్యంలో ఉంటే, తెల్ల అక్షరాలతో రాసిన ముక్క రెండోచోట కనబడదు. మాటలు ముక్కవి, అలంకారం సైటుది. వర్డ్ ఫైల్ నుంచి నేరుగా అతికిస్తే కనబడని ఫార్మాటింగ్ వెంట వస్తుంది. కాబట్టి ఎప్పుడూ ప్లెయిన్ టెక్స్ట్‌గా అతికించండి.

ఆరో అడుగు: పేజీలోకి తెప్పించడం

ఒక చిన్న ప్లగిన్ రాయించి నెట్‌వర్క్ యాక్టివేట్ చేయాలి, అంటే అన్ని సైట్లలోనూ ఆన్ చేయాలి. అందులో ఒక షార్ట్‌కోడ్ (పేజీలో బ్రాకెట్ల మధ్య రాసే పిలుపు) లేదా బ్లాక్ ఉంటుంది. గుర్తు పేరు ఇస్తే, అది స్విచ్ టు బ్లాగ్ ఫంక్షన్‌తో గోదాంలోకి వెళ్లి, ముక్కను తెచ్చి, రిస్టోర్ కరెంట్ బ్లాగ్‌తో తిరిగొస్తుంది. ఇక్కడ జరిగే తప్పులు ఇవి:

తిరిగి రావడం మరవడం. ముక్క దొరకనప్పుడు ఫంక్షన్ మధ్యలోనే ముగిసి రిస్టోర్ నడవకపోతే, ఆ పేజీలో ఆ తర్వాత వచ్చే మెనూ, లింకులు గోదాంవి వస్తాయి. ముక్క దొరికినా దొరకకపోయినా రిస్టోర్ నడిచేలా రాయించండి.

స్టేటస్ చూడకపోవడం. ఇంకా డ్రాఫ్ట్‌లో ఉన్న కొత్త కిరాయిలు నాలుగు సైట్లలో జనానికి కనబడతాయి. పబ్లిష్ అయినవే రావాలని కోడ్‌లో ఉండాలి.

ముక్క లోపల వేరే ప్లగిన్ షార్ట్‌కోడ్ పెట్టడం. స్విచ్ టు బ్లాగ్ డేటాబేస్ టేబుళ్లను మారుస్తుందే కానీ ఆ సైటు ప్లగిన్లను లోడ్ చేయదు. గోదాంలో మాత్రమే ఉన్న ఫారం ప్లగిన్ షార్ట్‌కోడ్ హోటల్ సైటులో బ్రాకెట్లతో సహా అలాగే అచ్చవుతుంది.

ప్రతి పేజీకి గోదాంలోకి పరిగెత్తకుండా, తెచ్చిన ముక్కను సైట్ ట్రాన్సియెంట్‌లో (గడువున్న తాత్కాలిక నిల్వలో) 12 గంటలు దాచండి. మామూలు ట్రాన్సియెంట్ సైటుకొకటి ఉంటుంది, సైట్ ట్రాన్సియెంట్ నెట్‌వర్క్ మొత్తానికి ఒక్కటే. ఒకచోట తుడిస్తే చాలు. తుడవడానికి సేవ్ పోస్ట్ హుక్ (ముక్క సేవ్ అయినప్పుడు మన కోడ్‌ను పిలిచే ఏర్పాటు) వాడితే ఒక చిక్కుంది. బ్లాక్ ఎడిటర్‌లో కస్టమ్ ఫీల్డులు (పైన చెప్పిన ఖానాలు) ఆ హుక్ నడిచిన తర్వాతే సేవ్ అవుతాయి. ఆ సందులో ఎవరైనా పేజీ తెరిస్తే పాత విలువే మళ్లీ క్యాష్‌లోకి (ఆ తాత్కాలిక నిల్వలోకి) ఎక్కి 12 గంటలు ఉండిపోతుంది. ‘దిద్దాను, మారలేదు’ అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. 5.6 వెర్షన్ నుంచి ఉన్న ‘డబ్ల్యూపీ ఆఫ్టర్ ఇన్సర్ట్ పోస్ట్’ హుక్ వాడితే ఈ బాధ ఉండదు.

ట్రాన్సియెంట్ తుడిచాక కూడా పాతదే కనిపిస్తే పేజ్ క్యాష్ (తయారైన పేజీల నిల్వ) చూడండి, ఆ తర్వాత సీడీఎన్ (పేజీల కాపీలను వేర్వేరు ఊళ్ల సర్వర్లలో ఉంచే సేవ). ఈ వరుసలోనే తుడవాలి. తిరగేసి చేస్తే సీడీఎన్ మళ్లీ పాత పేజీనే తెచ్చి పెట్టుకుంటుంది.

సైట్లు వేర్వేరు హోస్టింగ్‌లలో ఉంటే

రెస్ట్ ఏపీఐ 2016 చివర్లో వచ్చిన 4.7 నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. గోదాంలోని పోస్ట్ టైప్‌కు, దాని ఖానాలకు ‘షో ఇన్ రెస్ట్’ ఆన్ చేయాలి. అది పోస్ట్ టైప్‌కే చేసి ఖానాలకు మరిస్తే, శీర్షిక వస్తుంది, తేదీలు రావు.

మిగతా సైట్లు గంటకోసారి తెచ్చుకుని తమ డేటాబేస్‌లో దాచుకోవాలి. కస్టమర్ పేజీ తెరిచిన క్షణంలో గోదాంకు ఫోన్ కొట్టినట్టు పిలవకూడదు. వర్డ్‌ప్రెస్ అలాంటి పిలుపుకు మామూలుగా 5 సెకన్లు ఆగుతుంది. గోదాం హోస్టింగ్ పడి ఉంటే ప్రతి పేజీకీ ఆ 5 సెకన్లు చేరతాయి. జవాబు రాకపోతే, లేదా ఖాళీగా వస్తే, దాచుకున్న పాత కాపీనే చూపించాలి. ఖాళీ జవాబును సరైనదనుకుని దాచుకుంటే నాలుగు సైట్లలో ఫోన్ నంబర్లు మాయమవుతాయి.

ఇంకో రెండు గుర్తుంచుకోండి. ఏపీఐ అడగకపోతే 10 ముక్కలే ఇస్తుంది. పదకొండో ముక్క చేర్చిన రోజు పాతది ఒకటి కనబడకుండా పోయి అందరూ తలలు పట్టుకుంటారు. పేజీకి 100 వరకు అడగవచ్చు, అంతకు మించి ఉంటే రెండో పేజీ కూడా తెచ్చుకోవాలి. 5.7 వెర్షన్ నుంచి, ఫలానా సమయం తర్వాత మారినవి మాత్రమే ఇమ్మని కూడా అడగవచ్చు. కానీ డిలీట్ అయినవి ఆ జాబితాలో రావు. అందుకే గంటకోసారి మారినవి, రోజుకోసారి మొత్తం జాబితా తెచ్చుకోవాలి.

తేదీ ఉన్న ముక్కలు

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. నెల కూడా మారింది. గత జాతర ముక్కను తీసి ఏడాది అంకె మాత్రమే దిద్దితే కార్ల బుకింగ్ మొత్తం తప్పుతుంది. జాతర తేదీలను ఒక జత ముక్కగా, ఆ రోజుల కిరాయిని ఇంకో ముక్కగా పెట్టండి. రెండూ మారే కారణాలు వేరు.

‘ఎప్పటి వరకు’ అనేదాన్ని డబ్ల్యూపీ క్రాన్‌కు (చెప్పిన వేళకు పనులు నడిపే వర్డ్‌ప్రెస్ ఏర్పాటుకు) వదలకండి. అది ఎవరైనా సైటు తెరిచినప్పుడే నడుస్తుంది. అర్ధరాత్రి దిగిపోవాల్సిన నోటీసు పొద్దున ఏడుకు మొదటి మనిషి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ముక్కను చూపించే సమయంలోనే కోడ్ తేదీని పోల్చాలి. పేజ్ క్యాష్ 24 గంటలదైతే ఆ పోలిక కూడా ఒక రోజు ఆలస్యమవుతుంది. జాతర వారం క్యాష్‌ను గంటకు తగ్గించండి, లేదా సర్వర్‌లో అసలైన క్రాన్ పెట్టించి అర్ధరాత్రి తుడిపించండి. టైమ్‌జోన్ సెట్టింగ్ సైటుకొకటి ఉంటుంది, నాలుగింట్లోనూ కోల్‌కతా అని ఉందా చూడండి. కొత్తగా చేర్చిన సైటు యూటీసీలోనే ఉండిపోతే నోటీసు ఐదున్నర గంటలు ఆలస్యంగా దిగుతుంది.

ఫొటోలు, సెర్చ్

మల్టీసైట్‌లో మీడియా లైబ్రరీ సైటుకొకటి. గోదాం నుంచి వచ్చే ముక్కలోని ఫొటో గోదాం చిరునామాతోనే వస్తుంది, కాబట్టి గోదాం మీద కూడా ఎస్ఎస్ఎల్ సరిగా ఉండాలి. 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోను వర్డ్‌ప్రెసే తగ్గిస్తుంది. అంతదాకా పోకుండా 1600 పిక్సెళ్ల వెడల్పు, వెబ్‌పీ ఫార్మాట్‌లో ఎక్కించండి. ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెప్పే మాటలు) తెలుగులో, ఇంగ్లిష్‌లో విడివిడిగా కావాలి. ఫొటో మార్చాలంటే అదే పేరుతో ఎక్కించకండి, బ్రౌజర్లు పాతదాన్నే దాచుకుని చూపిస్తాయి.

ఒకే ఫోన్ నంబరు, ఒకే షరతులు నాలుగు సైట్లలో ఉన్నందుకు గూగుల్ శిక్షించదు. కానీ రామప్ప మీద రాసిన పెద్ద వ్యాసం అక్షరం మారకుండా నాలుగు చోట్ల ఉంటే, సెర్చ్‌లో ఒకదాన్నే ఎంచుకుంటుంది, అది మీరు కోరుకున్నది కాకపోవచ్చు. పూర్తి వ్యాసం కార్ల సైటులో ఉంచి, మిగతావాటిలో మూడు వాక్యాల ముక్క, దానికో లింకు పెట్టండి. పూర్తి వ్యాసం తప్పనిసరైతే మిగతా పేజీల్లో కెనానికల్ లింకును (అసలు పేజీ ఏదో సెర్చ్ ఇంజన్‌కు చెప్పే లింకును) కార్ల సైటు వైపు తిప్పండి.

ఎవరి చేతిలో ఏముండాలి

సూపర్ అడ్మిన్లు (అన్ని సైట్ల మీదా పూర్తి హక్కున్నవాళ్లు) ఇద్దరే. ఒకరు ఊళ్లో లేకపోయినా ఇంకొకరు ఉండేలా. గోదాంలో ముక్కలు దిద్దే హక్కు ఇంకో ఇద్దరికి. హోటల్, హాల్ సిబ్బందికి తమ సైటులో పేజీలు దిద్దే హక్కు చాలు, వాళ్లు ముక్కను పేజీలో పెట్టగలరు, మార్చలేరు. ఇది వాళ్ల మీద నమ్మకం లేక కాదు. తన పేజీ దిద్దుతున్నానని అనుకున్న మనిషి, తెలియకుండా నాలుగు సైట్లను దిద్దకూడదు. అందుకే ఎడిటర్‌లో ఉమ్మడి ముక్క చుట్టూ రంగు గీత, ‘ఇది ఫలానా నాలుగు సైట్లలో కనిపిస్తుంది’ అనే మాట ఉండేలా ప్లగిన్‌లో రాయించండి.

మార్పు వచ్చిన రోజు

జీఎస్టీ తగ్గిందనుకోండి. ముందు, ‘పన్ను వివరం’ ముక్క ఎక్కడెక్కడ వాడారో జాబితా తీయండి. షార్ట్‌కోడ్ గుర్తు పేరుతో ప్రతి సైటు పోస్టుల టేబుల్‌లో వెతికితే వస్తుంది. ఫుటర్ విడ్జెట్లు ఆప్షన్స్ టేబుల్‌లో ఉంటాయి, అక్కడ కూడా వెతకాలి. తర్వాత ముక్కను కాపీ చేసి కొత్తది డ్రాఫ్ట్‌గా రాసి, దాని ప్రివ్యూను ఫోన్‌లో, కంప్యూటర్‌లో చూడండి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ దిద్దారా అన్నది ఇక్కడే తేలాలి. తెలుగులో 5, ఇంగ్లిష్‌లో 12 ఉంటే, కస్టమర్ తనకు నచ్చిన అంకె చూపించి వాదిస్తాడు, అది అతని తప్పు కాదు.

సరిగా ఉందనుకున్నాక ఆ కొత్త మాటలను పాత ముక్కలోకే చేర్చి పబ్లిష్ చేయండి. కొత్త ముక్కను పబ్లిష్ చేసి పాతది తీసేస్తే, పేజీలు పాత గుర్తు పేరునే పిలుస్తూ ఖాళీ చూపిస్తాయి. తర్వాత ట్రాన్సియెంట్, పేజ్ క్యాష్, సీడీఎన్ వరుసగా తుడవండి. లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో నాలుగు సైట్లూ తెరిచి చూడండి. లాగిన్‌లో ఉన్నవాళ్లకు క్యాష్ వర్తించదు కాబట్టి, మీకు కొత్తది కనబడినంత మాత్రాన కస్టమర్‌కు కనబడినట్టు కాదు. లెక్క షీట్‌లో ఈ సాఫ్ట్‌వేర్‌కు బయట ఉన్న వరుసలు, అంటే బ్రోచర్ పీడీఎఫ్, బ్యానర్ ఫొటోలు, వాట్సాప్ ఆటో రిప్లై, గూగుల్ మ్యాప్స్‌లోని వివరాలు, ఇవి చేత్తో దిద్దాల్సినవే. అవయ్యాక ముక్కలో ‘చివరిసారి సరిచూసిన తేదీ’ మార్చండి. ఆ తేదీ ఆరు నెలలు దాటిన ముక్కల జాబితా ప్రతి నెలా ఒకటో తారీఖున బాధ్యుడి ఈమెయిల్‌కు వెళ్లేలా పెట్టండి.